వరదలొచ్చే ఊళ్లో కాపురం పెట్టొచ్చా?

ప్రశ్న: అన్నా, మాది కర్నూలు. నాకు హ్యూస్టన్‌లో ఉద్యోగం వచ్చింది. అక్కడి తుఫాన్ల వార్తలు చూసి మా అమ్మ "ఆ ఊరొద్దు నాయనా" అంటోంది. అన్ని వరదలొస్తుంటే జనం అక్కడ ఎందుకుంటున్నారు? మేం రావచ్చా?

జవాబు: రావచ్చు తమ్ముడూ. కానీ అమ్మగారి భయాన్ని తీసిపారేయొద్దు. 2009 అక్టోబరులో తుంగభద్ర, హంద్రీ కలిసి కర్నూలును ముంచాయి. ఆ తర్వాత ఊరేమీ ఖాళీ కాలేదు. బురద ఎత్తిపోసి మళ్లీ అంగళ్లు తెరిచారు. సొంతిల్లు, పని, బంధువులు అన్నీ అక్కడే ఉంటే ఎక్కడికి పోతారు? అనంతపురంలో ఏడాదికి పడేదే దాదాపు 550 మిల్లీమీటర్ల వాన. అదీ సరిగ్గా పడదని తెలిసీ రైతు శెనక్కాయ విత్తుతున్నాడు.

ఇక్కడా అంతే. హ్యూస్టన్ పక్కనే సముద్రం ఒడ్డున గాల్వెస్టన్ ఉంది. 1900లో వచ్చిన తుఫానుకు అక్కడ కనీసం ఆరు వేల మంది చనిపోయారు. అయినా జనం ఊరు వదలలేదు, సముద్రానికి అడ్డంగా గోడ కట్టి, నేలనే ఎత్తు చేసుకున్నారు. ఓడరేవు, ఆయిల్ కంపెనీలు, పెద్ద ఆసుపత్రులు ఉన్నంతకాలం మనుషులు వస్తూనే ఉంటారు. నువ్వూ అందుకే వస్తున్నావు కదా.

కాబట్టి ఊరి సంగతి కాదు, ఇంటి సంగతి చూడు. 2017 ఆగస్టులో హార్వీ తుఫాను నాలుగైదు రోజుల్లో కొన్నిచోట్ల మీటరుకు పైగా వాన కురిపించింది. అనంతపురానికి అది దాదాపు రెండేళ్ల వాన. అప్పుడు హ్యూస్టన్‌లోని ఆడిక్స్, బార్కర్ రిజర్వాయర్ల వెనక ఉన్న కాలనీలు మునిగాయి. మామూలు రోజుల్లో ఆ రిజర్వాయర్లు ఎండిపోయి పార్కుల్లా కనిపిస్తాయి. నీళ్లు నిండితే తమ ఇల్లు మునుగుతుందని చాలామందికి కొనేటప్పుడు తెలియదు. నాకు ఇప్పటికీ బాధ కలిగించే విషయం ఇదే. డ్యామ్ కిందివాళ్లకే కాదు, పైవాళ్లకూ ముప్పుంటుందని శ్రీశైలం వెనకజలాలను చూసిన మనవాళ్లకు వేరే చెప్పాలా?

అందుకే ముందు అడ్రస్‌ను ఫెమా (అమెరికా ప్రభుత్వ విపత్తుల సంస్థ) వరద మ్యాప్‌లో వెతుకు. టెక్సాస్‌లో 2022 నుంచి, అద్దెకిచ్చేవాళ్లు ఆ ఇల్లు వరద జోన్‌లో ఉందా, గత ఐదేళ్లలో నీళ్లొచ్చాయా అన్నది రాసివ్వాలి. ఆ కాగితం అడిగి తీసుకో, మొహమాటపడొద్దు. రేపు ఇల్లు కొంటే ఇంకా జాగ్రత్త. ఏటా నూటికి ఒక వంతు ముప్పున్న జోన్‌లో 30 ఏళ్ల లోన్ తీరేలోపు కనీసం ఒక్కసారైనా వరద వచ్చే అవకాశం నూటికి 26 దాకా ఉంటుంది.

మామూలు ఇంటి ఇన్సూరెన్స్‌లో వరద నష్టం రాదు. వరద పాలసీ వేరుగా తీసుకోవాలి. అద్దె ఇంట్లో ఉన్నా సామాన్ల వరకు తీసుకోవచ్చు. ప్రభుత్వ పాలసీ మామూలుగా 30 రోజుల తర్వాతే అమల్లోకి వస్తుంది, తుఫాను బయల్దేరాక కడితే లాభం లేదు. తుఫాన్ల సీజన్ జూన్‌లో మొదలవుతుంది కాబట్టి ఏప్రిల్‌లోనే పని ముగించుకో.

ఇంకొకటి, ఇది ప్రాణం సంగతి. రోడ్డు మీద నీళ్లు పారుతుంటే కారు దింపొద్దు. రెండడుగుల ప్రవాహం చాలు, పెద్ద కార్లు కూడా కొట్టుకుపోతాయి. ఆఫీసుకు లేటయితే లేటవనీ.

లీజు మీద సంతకం పెట్టేముందు ఆ కాగితం, అడ్రస్ నాకు పంపు. మ్యాప్ ఇద్దరం కలిసి చూద్దాం, అమ్మగారికి కూడా చూపిద్దాం.