పొలం రాసిచ్చే ముందు పెన్నా అవతలికి దూరం కొలుచుకోండి

మీరు అడిగింది ఇదీ: నాన్నగారికి డెబ్బై దాటాయి. నెల్లూరు దగ్గర కోవూరు పక్కన రెండెకరాలు, ఆత్మకూరు వైపు నాలుగెకరాలు ఉన్నాయి. తమ్ముడు అమెరికాలో, మీరు ఒంగోలులో ఉద్యోగం. ఇప్పుడే రాసివ్వమనాలా, వీలునామా చాలా, పన్ను ఎంత పడుతుంది?

నేను ఆడిటర్ని కాదు. మాది బుచ్చిరెడ్డిపాళెం దగ్గర పల్లె. ఈ విషయంలో ఒకసారి దెబ్బ తిన్నాను కాబట్టి రాస్తున్నా. 2026 ఏప్రిల్ 1 నుంచి కొత్త ఆదాయపు పన్ను చట్టం అమలు, సెక్షన్ల నంబర్లన్నీ మారిపోయాయి. అందుకని నంబర్ల జోలికి పోను.

తండ్రి బిడ్డకి పొలం రాసిస్తే ఇద్దరిలో ఎవరికీ ఆదాయపు పన్ను లేదు. ఎస్టేట్ డ్యూటీని 1985లోనే తీసేశారు, గిఫ్ట్ ట్యాక్స్ 1998లో పోయింది. వీలునామా ద్వారా వచ్చినా, వారసత్వంగా వచ్చినా అంతే. ఇచ్చేటప్పుడు చేతి నుంచి పోయేది స్టాంపు డ్యూటీ, రిజిస్ట్రేషన్ ఫీజు మాత్రమే. ప్రభుత్వ మార్కెట్ విలువ మీద లెక్క కడతారు, కుటుంబ సభ్యులకైతే అమ్మకం కంటే తక్కువ. వీలునామాకి స్టాంపు డ్యూటీయే లేదు. తండ్రి పోయాక వారసులు పొలం పంచుకుంటే, విలువ పది లక్షల లోపైతే వంద రూపాయలు, దాటితే వెయ్యి రూపాయల స్టాంపు డ్యూటీ అని 2025లో మన ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ప్రకటించింది. మీ సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో ఒకసారి అడగండి.

అసలు పన్ను కాచుకుని కూర్చునేది అమ్మేటప్పుడు. నేను మునిగింది అక్కడే.

నాన్న 2019లో కోవూరు వైపు రెండెకరాలు నా పేరుతో సెటిల్‌మెంట్ దస్తావేజు (ఇంట్లోవాళ్లకి ఊరికే రాసిచ్చే పత్రం) రాశారు. దస్తావేజు రాసిన ఆయన, ‘పొలానికి పన్నేంటి సార్, హాయిగా అమ్ముకోవచ్చు’ అన్నాడు. అదే నమ్మాను. 2025 సంక్రాంతికి కోటి రూపాయలకి బేరం కుదిరింది. కొన్నవాళ్లు తొంభై తొమ్మిది లక్షలే ఇచ్చి, ఒక లక్ష టీడీఎస్ (కొన్నవాళ్లే ముందుగా కోసి ప్రభుత్వానికి కట్టే పన్ను) కింద పట్టుకున్నామన్నారు. ‘వరి పొలానికి టీడీఎస్ ఏంటండీ’ అని వాళ్లతో కాసేపు గొడవ కూడా పడ్డాను. పరువు పోయింది, తప్పు నాదే.

పల్లెటూరి పొలం అమ్మితే నిజంగానే పన్ను లేదు. కానీ ఏది పల్లెటూరి పొలం అనేది చట్టం కిలోమీటర్లలో చెబుతుంది. పక్క మునిసిపాలిటీ జనాభా పది వేల నుంచి లక్ష దాకా ఉంటే దాని హద్దు నుంచి రెండు కిలోమీటర్లు, లక్ష నుంచి పది లక్షలైతే ఆరు, పది లక్షలు దాటితే ఎనిమిది. ఆ లోపు ఉన్న పొలం పట్టణ పొలం కిందే లెక్క. నెల్లూరు కార్పొరేషన్ ఆరు కిలోమీటర్ల కోవలోకి వస్తుంది. కొలిచేది రోడ్డు మీద కాదు, గాలిలో గీత గీసినట్టు సూటిగా. మా పొలం నుంచి వంతెన దాకా వచ్చి పెన్నా దాటి వెళ్తే తొమ్మిది కిలోమీటర్లు. ఆడిటర్ మ్యాప్ తెరిచి నది మీదుగా గీత గీస్తే నాలుగున్నర కూడా లేదు. ఊరి మధ్య నుంచి కాదు, హద్దు నుంచి కొలుస్తారని కూడా అప్పుడే తెలిసింది.

తర్వాత లెక్క. పొలం నాకు ఊరికే వచ్చింది కాబట్టి కొన్న ధర సున్నా అనుకుని హడలిపోయా. అలా కాదు, నాన్న కొన్న ధరే నా ధర. ఆయన కొన్నది 1988లో కాబట్టి 2001 ఏప్రిల్ 1 నాటి విలువ తీసుకోవచ్చు, ఆనాటి ప్రభుత్వ మార్కెట్ విలువని మించకూడదు. మాకది రెండెకరాలకి నాలుగు లక్షలు వచ్చింది. లాభం తొంభై ఆరు లక్షలు, దాని మీద 12.5 శాతం అంటే పన్నెండు లక్షలు, పైన సర్‌చార్జి, సెస్సు. పాత పద్ధతిలో ద్రవ్యోల్బణం కలుపుకుని 20 శాతం కట్టే వెసులుబాటు కూడా ఉంది, 2024 జూలై 23కి ముందు చేతికొచ్చిన భూమికి. మా విషయంలో అది పదిహేడు లక్షలు దాటింది, వద్దనుకున్నాం.

గట్టెక్కించింది ఒక్కటే. అమ్మకానికి ముందు రెండేళ్లు మనమో మన తల్లిదండ్రులో సాగు చేసిన పట్టణ పొలం అమ్మి, రెండేళ్లలోపు మళ్లీ వ్యవసాయ భూమి కొంటే, కొన్నంత మేరకు లాభానికి పన్ను లేదు. ఆత్మకూరు వైపు అరవై లక్షలకి కొన్నా. మిగిలిన ముప్పై ఆరు లక్షలకి నాలుగున్నర లక్షలు, సెస్సు కట్టా. అడంగల్ (పొలం ఎవరు సాగు చేస్తున్నారో చూపే రికార్డు) కాపీలు అడిగారు, సాగు నా పేరుతోనే ఉంది కాబట్టి సరిపోయింది. రిటర్ను గడువు లోపు కొనడం కుదరకపోతే డబ్బు బ్యాంకులో క్యాపిటల్ గెయిన్స్ ఖాతాలో వేయాలి. కొత్త పొలం మూడేళ్లు అమ్మకూడదు.

మీ రెండెకరాలూ కోవూరు పక్కనే కాబట్టి ఇదంతా ఇంత విడమరిచి చెప్పాను.

మీ తమ్ముడి సంగతి వేరు. విదేశాల్లో స్థిరంగా ఉంటున్నవాళ్లకి వ్యవసాయ భూమిని గిఫ్టుగా రాయకూడదు, విదేశీ మారక ద్రవ్య చట్టం (ఫెమా) ఒప్పుకోదు. పౌరసత్వం ఇండియాదే అయినా సరే. కొనడానికీ వీల్లేదు. వీలునామా ద్వారానో వారసత్వంగానో రావచ్చు. తర్వాత అమ్మాలంటే ఇక్కడ ఉంటున్నవాళ్లకే అమ్మాలి. కాబట్టి అతని వాటా వీలునామాలోనే పెట్టించండి. అమెరికాలో పన్ను రిటర్నులు వేసేవాళ్లు బయటి దేశం నుంచి లక్ష డాలర్లు మించి గిఫ్టుగానో వారసత్వంగానో పొందితే అక్కడి పన్ను శాఖకి ఫారం 3520 ఇవ్వాలి. పన్ను ఉండదు గానీ మర్చిపోతే జరిమానా గట్టిగా ఉంటుంది. కొందరు ‘కోడలి పేరు మీద పెడితే సరి’ అంటారు. కోడలికి ఊరికే రాసిస్తే దాని మీద వచ్చే ఆదాయం మామగారి లెక్కలోనే కలుస్తుంది, కాబట్టి ఆ సలహా వినకండి.

మీ వాటా ఇప్పుడే రాయించుకుంటే ఇంకో చిన్న చిక్కు ఉంది. పంట ఆదాయానికి పన్ను లేదు, నిజమే. కానీ జీతం పన్ను పరిమితి దాటినవాళ్లకి, పంట ఆదాయం ఏడాదికి 5,000 మించితే దాన్ని పన్ను రేటు తేల్చే లెక్కలో కలుపుతారు. నాన్నగారి చేతిలో పుట్టి లెక్కన (మనకి 850 కిలోలు) అమ్ముకున్న వడ్ల డబ్బు ఎవరికీ పట్టదు. అదే మీ చేతికొస్తే మీ జీతం మీద పన్ను కాస్త పెరుగుతుంది. పీఎం కిసాన్ ఆరు వేలు కూడా ఆదాయపు పన్ను కట్టేవాళ్లకి రావు.

గిఫ్టు రాస్తే, ‘నా పోషణ, వైద్యం చూసుకోవాలి’ అన్న షరతు దస్తావేజులో తప్పక రాయించండి. మీ మీద అనుమానంతో అనడం లేదు. 2007 తల్లిదండ్రుల పోషణ చట్టం కింద దస్తావేజు రద్దు చేయించాలంటే ఆ షరతే ఆధారం. మా నాన్న పెట్టించారు, నాకు అప్పుడు కాస్త గుచ్చుకుంది. ఇప్పుడు నా బిడ్డలకి రాసేటప్పుడు నేనూ పెట్టిస్తాను.

ముందుగా ఒక పని చేయండి. మీభూమి వెబ్‌సైట్‌లో 1బి (ఎవరి పేరున ఎంత భూమి ఉందో చూపే రికార్డు) తీసి ఆత్మకూరు నాలుగెకరాలు ఎవరి పేరున ఉన్నాయో చూడండి. ఇంకా తాతగారి పేరే ఉంటే, లేదా అది అసైన్డ్ (ప్రభుత్వం పేదలకి ఇచ్చిన) భూమి అయితే, గిఫ్టు మాట ఇప్పుడప్పుడే తేలదు. పిత్రార్జితమైతే కూతురిగా మీకు పుట్టుకతోనే వాటా ఉంటుంది, పసుపు కుంకుమ కింద ఏదో ఇచ్చారన్న మాట దాన్ని తీసేయదు. ఆ వివరాలు చూసి రాయండి, మిగతాది అప్పుడు మాట్లాడదాం.