గోదావరి నీటి డేటా అంతా ఒకచోట చేర్చాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి?

మీ ప్రశ్న నాకు అర్థమైనంత వరకు ఇదీ: మీరు నలుగురు కలిసి దిగువ గోదావరికి సంబంధించి వర్షం, నది మట్టం, రిజర్వాయర్ నిల్వ, బావుల్లో నీటి మట్టం అన్నీ ఒకేచోట దొరికే సిస్టమ్ కట్టాలనుకుంటున్నారు. డేటా ఒక్కో శాఖ నుంచి ఒక్కో రకంగా వస్తోంది. కొన్ని ఎక్సెల్ షీట్లు, కొన్ని పీడీఎఫ్‌లు, కొన్ని రిజిస్టర్ పేజీల ఫోటోలు. ఏ డేటాబేస్ వాడాలి, ముందు ఏం చేయాలి అని అడిగారు.

నేను ఒక చిన్న బృందంలో ఆరేళ్లు ఇదే పని చేశాను. డేటాబేస్ విషయంలో టెన్షన్ పడకండి, ఉచితంగా దొరికే పోస్ట్‌గ్రెస్ డేటాబేస్, దాని మీద మ్యాప్ డేటా కోసం పోస్ట్‌జీఐఎస్ ఉంటే చాలు. మమ్మల్ని నెలల తరబడి ఏడిపించింది సాఫ్ట్‌వేర్ కాదు, అంకె పక్కన రాయకుండా వదిలేసిన వివరాలు. మీరు అక్కడ జాగ్రత్తపడితే మిగతా పని సగం తేలికవుతుంది.

భద్రాచలం సంగతే చెప్తాను. అక్కడ 43, 48, 53 అడుగులు అంటే మొదటి, రెండో, మూడో ప్రమాద హెచ్చరికలని పేపర్ చదివే ప్రతి ఒక్కరికీ తెలుసు. 1986 ఆగస్టులో 75.6 అడుగులు వచ్చింది, 2022 జులైలో 71.3. ఇవి మా రాష్ట్ర శాఖ షీట్‌లో ఉన్నాయి. కేంద్ర జల సంఘం పట్టిక తీస్తే అదే భద్రాచలానికి, అదే 1986 వరదకి 55.66 మీటర్లు అని ఉంది. మేం మొదటి నెలలో ఏం చేశామంటే, అడుగులన్నిటినీ 0.3048తో గుణించి మీటర్లు చేసి, రెండు పట్టికలూ కలిపేశాం. 75.6 అడుగులు అంటే 23.04 మీటర్లు. గ్రాఫ్ గీస్తే నది కొన్ని రోజులు 20 దగ్గరా, ఇంకొన్ని రోజులు 50 దగ్గరా తిరుగుతోంది. ఎవరిదో టైపింగ్ తప్పు అనుకుని ఒక పట్టికని మొత్తం పక్కన పెట్టేయబోయాం.

కరకట్ట దగ్గర గేజ్ చూసే ఒక పెద్దాయన మమ్మల్ని ఆపారు. ఆయన మమ్మల్ని రేవులోకి తీసుకెళ్లి, తెలుపు నలుపు గీతల గేజ్ పలకలు చూపించారు. కింది పలక మీద బురద ఎండి అట్టలు కట్టి ఉంది, వేలితో గీకితే గానీ అంకె కనపడలేదు. "ఈ సున్నా ఎక్కడుందో మీరు రాసుకున్నారా బాబూ?" అని అడిగారు. మేం రాసుకోలేదు. మేం అడుగులన్నవి ఆ స్థానిక గేజ్ సున్నా నుంచి కొలిచినవి, కేంద్ర జల సంఘం మీటర్లు సముద్ర మట్టం నుంచి కొలిచినవి. ఆ సాయంత్రం కూర్చుని లెక్క కట్టాం. 55.66 మీటర్లు అంటే 182.6 అడుగులు, అందులోంచి 75.6 తీసేస్తే 107. మొదటి హెచ్చరిక 43కి 107 కలిపితే 150 అడుగులు, అంటే 45.72 మీటర్లు, కేంద్ర జల సంఘం వార్నింగ్ లెవెల్ సరిగ్గా అదే. 53కి 107 కలిపితే 160 అడుగులు, 48.77 మీటర్లు, వాళ్ల డేంజర్ లెవెల్ అదే. రెండు పట్టికలూ కరెక్టే. మధ్యలో ఉన్న 107 అడుగుల సంగతి ఏ షీట్‌లోనూ లేదు, అది తెలిసింది రేవులో ఉన్న మనిషికి.

అందుకే మీ స్టేషన్ల పట్టికలో అక్షాంశం, రేఖాంశం పక్కనే గేజ్ సున్నా ఎత్తు అని ఒక కాలమ్ పెట్టండి, దాన్ని ఖాళీగా వదలడానికి వీల్లేకుండా చేయండి. ధవళేశ్వరంలో మొదటి హెచ్చరిక 11.75 అడుగులకే ఇస్తారు, భద్రాచలంలో 43కి. సున్నా వేరని తెలియని వాళ్లు ఈ రెండూ పక్కపక్కన చూస్తే ఏమనుకుంటారో ఆలోచించండి. అలాగే గేజ్ పలక ఎప్పుడైనా మార్చి వేరే చోట పాతితే ఆ తేదీ నుంచి కొత్త సున్నా అని ఇంకో వరుస చేర్చాలి, పాత వరుసని తుడిచేయకూడదు.

రిజర్వాయర్ల విషయంలో ఇదే గొడవ ఇంకో రూపంలో ఉంటుంది. శ్రీరాంసాగర్ పూర్తి మట్టం 1091 అడుగులు. ఆ మట్టానికి నిల్వ ఎంత? కట్టినప్పుడు 112 టీఎంసీలు, తర్వాత పూడిక సర్వే ప్రకారం 90.3, ఆ తర్వాతి సర్వేతో 80.5. నీటి మట్టం మారలేదు, కింద మట్టి పేరుకుంది, దానితో మట్టం నుంచి నిల్వ తీసే పట్టిక మారింది. మీరు పాత ఏళ్ల నిల్వలనీ కొత్త ఏళ్ల నిల్వలనీ ఒకే గీతగా గీస్తే, సర్వే పట్టిక మారిన రోజున ప్రాజెక్టులోంచి పది టీఎంసీలు మాయమైనట్టు కనిపిస్తుంది. మేం చివరికి మట్టాన్ని మాత్రమే అసలు కొలతగా ఉంచుకుని, నిల్వని ఏ పట్టికతో లెక్కించామో ఆ పట్టిక నంబర్ జత చేసి చూపించాం. ఎగువన మహారాష్ట్ర లెక్కలు మీటర్లలో, మిలియన్ ఘనపు మీటర్లలో వస్తాయి, ఒక టీఎంసీకి 28.32. ఈ మార్పిడి కష్టమేమీ కాదు, కానీ మార్చిన అంకెతో పాటు వచ్చిన అంకెని వచ్చిన యూనిట్‌లోనే ఇంకో కాలమ్‌లో దాచండి. ఎందుకంటే రెండేళ్ల తర్వాత ఎవరో వచ్చి ఇది మా అంకె కాదు అంటారు, అప్పుడు చూపించడానికి ఏదో ఒకటి ఉండాలి.

వర్షానికి వస్తే టైమ్ దగ్గర బోల్తా పడతాం. మన దగ్గర రోజు వర్షం అంటే ఉదయం 8:30కి కొలిచేది, దాన్ని కొలిచిన రోజు తేదీ కింద రాస్తారు. అంటే 14వ తేదీ రాత్రి కుండపోతగా కురిసిన వాన రిజిస్టర్‌లో 15వ తేదీ వాన. ఉపగ్రహ వర్షపు డేటా, జీపీఎం ఐమెర్గ్ లాంటిది, గ్రీనిచ్ కాలంలో వస్తుంది, దాని రోజు మనకి తెల్లవారి 5:30కి మొదలవుతుంది. ఈ రెంటినీ తేదీ చూసి జత చేస్తే ఉపగ్రహం తప్పు చెప్తోందని మీరే ఒక రిపోర్ట్ రాసేస్తారు. మేం దాదాపు రాశాం. ఐమెర్గ్ అరగంటకోసారి ఉంటుంది కాబట్టి దాన్ని మన 8:30 నుంచి 8:30కి కూడబెట్టుకుని అప్పుడు పోల్చండి. డేటాబేస్‌లో ప్రతి కొలతకీ స్థానిక సమయం, గ్రీనిచ్ సమయం, ఆ కొలత ఎంతసేపటికి వర్తిస్తుందో, ఈ మూడూ ఉండాలి.

ఇక బావులు. ఇది నన్ను అన్నిటికంటే ఎక్కువ బాధపెట్టింది. బావిలో నీటి మట్టాన్ని నేల పైనుంచి ఎన్ని మీటర్ల లోతులో ఉందో రాస్తారు, 18 అంటే 18 మీటర్ల కింద నీరుందని. ఒక ఆఫీసు నుంచి వచ్చిన షీట్‌లో ఎండిపోయిన బావులన్నిటికీ సున్నా కొట్టారు. ఆ సిబ్బంది ఉద్దేశం నీళ్లు సున్నా అని. మా సిస్టమ్ చదువుకున్నది సున్నా లోతు, అంటే నీరు నేల దాకా వచ్చి పొంగుతోందని. మ్యాప్‌లో ఎండిన ఊళ్లన్నీ నిండుగా నీలం రంగులో వచ్చాయి. మా బృందంలో ఒకమ్మాయిది అందులో ఉన్న ఊరే. "మా ఊళ్లో వేసవికి తాగడానికి ట్యాంకర్ వస్తుంది, ఇక్కడేంటి నీలం?" అని ఆమె అడగకపోతే ఆ మ్యాప్ అలాగే బయటికి వెళ్లిపోయేది. దాన్ని చూసి ఎవరైనా కొత్త బోర్లకి అనుమతి ఇచ్చి ఉంటే? అందుకే సున్నా, ఎండిపోయింది, కొలవలేదు, కొలిచారు గానీ అంకె చెరిగిపోయింది అనే నాలుగింటికీ నాలుగు వేర్వేరు కోడ్‌లు పెట్టండి. లేని విలువకి మైనస్ 9999 పెట్టే అలవాటు చాలామందికి ఉంది, అది సగటులో కలిసిపోకుండా చూసుకోండి.

స్టేషన్‌కి గుర్తింపుగా జిల్లా పేరు, మండలం పేరు వాడొద్దు. కూనవరం చూడండి, శబరి గోదావరిలో కలిసే చోటు. 2014 దాకా ఖమ్మం జిల్లా, ఏడు మండలాలు ఆంధ్రప్రదేశ్‌లో కలిసినప్పుడు తూర్పు గోదావరి, 2022లో జిల్లాలు విడదీసినప్పుడు అల్లూరి సీతారామరాజు జిల్లా. వానమాపకం అంగుళం కదల్లేదు, ఎనిమిదేళ్లలో మూడు జిల్లాలు మారింది. మా పాత కోడ్‌లో అది మూడు వేర్వేరు స్టేషన్లు. ఇంగ్లీషు స్పెల్లింగ్ సంగతి చెప్పనక్కర్లేదు, ధవళేశ్వరం ఒక్కదానికే డౌలేశ్వరం, దౌలైశ్వరం అంటూ రకరకాలు. మీ సొంత నంబర్ ఒకటి ఇవ్వండి, దాని కింద ప్రతి శాఖ వాడే పేరు, కోడ్ మారుపేర్లుగా చేర్చండి. పాత టోపో షీట్ల (సర్వే మ్యాప్‌ల) నుంచి తీసుకున్న అక్షాంశ రేఖాంశాలు ఇప్పటి జీపీఎస్‌తో పోలిస్తే వంద మీటర్ల పైచిలుకు పక్కకి జరిగి ఉంటాయి, గేజ్ నది మధ్యలోనో పొలంలోనో కనిపిస్తే ఆశ్చర్యపోకండి, ఏ డేటమ్‌లో, అంటే భూమి ఆకారానికి ఏ కొలతని ఆధారం చేసుకుని తీసిన అక్షాంశ రేఖాంశాలో చూడండి.

ఇవన్నీ మేం కిందా మీదా పడి నేర్చుకున్నాక తెలిసింది, అమెరికాలో దీన్ని ముందే ఒక పద్ధతిగా రాసి పెట్టారని. నీటి శాస్త్రం కోసం అక్కడి విశ్వవిద్యాలయాల కూటమి ఒకటుంది, పేరులోని అక్షరాలు కలిపి క్వాసి (CUAHSI) అంటారు. డేవిడ్ మెయిడ్‌మెంట్, డేవిడ్ టార్బటన్ లాంటి ప్రొఫెసర్లు ఆ పని చేశారు. 2008లో వాళ్ల బృందం అబ్జర్వేషన్స్ డేటా మోడల్ అని ఒకటి ప్రచురించింది. అందులో ప్రతి విలువకీ ఎక్కడ, ఏది, ఎప్పుడు అన్నవే కాకుండా ఏ పద్ధతితో, ఎవరు ఇచ్చారు, ఎంతవరకు సరిచూశారు అనేవి కూడా కట్టేసి ఉంటాయి. మీరు టేబుల్స్ డిజైన్ చేసే ముందు అది చదవండి, మాకు ముందే దొరికి ఉంటే ఒక ఏడాది మిగిలేది.

వాళ్ల దగ్గర నేను నేర్చుకున్న ఇంకో సంగతి, అందరి డేటా తెచ్చి ఒకే కుప్ప పోయనక్కర్లేదని. ఎవరి డేటా వాళ్ల సర్వర్‌లోనే ఉంటుంది. అందరూ ఒకే భాషలో జవాబిస్తారు, ఆ భాషే వాటర్‌ఎంఎల్, దాని రెండో రూపం 2012లో అంతర్జాతీయ ప్రమాణమైంది. మీ దగ్గర ఏ స్టేషన్లున్నాయి, ఈ స్టేషన్‌లో ఏం కొలుస్తారు, ఆ కొలత అంటే ఏంటి, ఫలానా తేదీల మధ్య విలువలివ్వు. ఈ నాలుగు ప్రశ్నలకి ప్రతి సర్వరూ జవాబు చెప్తే చాలు. మధ్యలో ఉండేది ఎవరి దగ్గర ఏముందో చెప్పే ఒక జాబితా మాత్రమే.

మన దగ్గర ఇది ఎందుకు ముఖ్యమంటే, భద్రాచలంలో నీరు పెరుగుతుందో లేదో తెలియాలంటే ఎగువన గోదావరిలో కలిసే ఉపనదులు, టేక్రా దగ్గర ప్రాణహిత, పాతగూడెం దగ్గర ఇంద్రావతి ఎలా ఉన్నాయో తెలియాలి. అవి మహారాష్ట్ర, ఛత్తీస్‌గఢ్ వైపు. ఎవరూ తమ డేటా మొత్తం మన చేతిలో పెట్టరు, కానీ అడిగిన దానికి జవాబివ్వడానికి ఒప్పుకుంటారు. కేంద్ర జల సంఘం, ఇస్రో కలిసి మొదలుపెట్టిన ఇండియా-వ్రిస్ అనే నీటి డేటా వెబ్‌సైట్‌లో ఇప్పటికే చాలా ఉంది, అక్కడున్నదాన్ని మళ్లీ టైప్ చేయకండి. గంగ, బ్రహ్మపుత్ర, సింధు బేసిన్లకి ఉన్న గోప్యత నిబంధనలు గోదావరికి వర్తించవు, ఆ భయం వద్దు.

సరిచూడటం గురించి ఒక మాట. వరద రాత్రి ఫోన్‌లో చెప్పిన అంకె, తర్వాత రిజిస్టర్‌తో సరిచూసిన అంకె వేరుగా ఉండొచ్చు. అమెరికా జియలాజికల్ సర్వే వాళ్లు ప్రతి విలువ మీదా తాత్కాలికమా, ఆమోదించినదా అని ముద్ర వేస్తారు. మీరూ అదే చేయండి, తాత్కాలికాన్ని తుడిచి దాని మీద రాయకండి, రెండూ ఉంచండి. తప్పు దిద్దారని తెలిస్తే జనం నమ్మకం పెంచుకుంటారు, నిన్న చూసిన అంకె ఈ రోజు చెప్పకుండా మారిపోతే ఇక ఆ సైట్ తెరవరు. మేం డేటా ఇచ్చిన ప్రతి సిబ్బందికీ వాళ్ల స్టేషన్ గ్రాఫ్ నెలకోసారి వాట్సాప్‌లో పంపేవాళ్లం. మా తప్పులు సగం పట్టుకున్నది వాళ్లే, ఎందుకంటే ఆ అంకె వెనక వాళ్ల ఉదయం ఉంది, వాళ్లకి గుర్తుంటుంది.

మొదట్లోనే బేసిన్ మొత్తం పెట్టుకోవద్దు. పేరూరు, భద్రాచలం, కోయిడా, ధవళేశ్వరం, శబరి నది మీద కుంట (కోంటా) అనే ఊరు. ఈ ఐదు గేజ్‌లు, చుట్టూ ఉన్న వానమాపకాలు, ఒకే ఒక్క వరద. 2022 జులై తీసుకోండి, దాని గురించి అడిగితే చెప్పేవాళ్లు ఇంకా రేవుల్లో దొరుకుతారు. ఆ ఒక్క వరద అన్ని అంకెలతో పొంతన కుదిరి నిలబడితే అప్పుడు బావుల జోలికి వెళ్లండి. జూన్‌లో నీరు రాకముందే ఐదు చోట్లకీ స్వయంగా వెళ్లి, కింది పలక బయటపడి ఉన్నప్పుడే గేజ్ సున్నా దగ్గర ఫోటో తీసుకుని, ఆ ఎత్తు ఎక్కడి బెంచ్‌మార్క్ (సర్వే వాళ్లు ఎత్తు గుర్తించిన రాయి) నుంచి తెచ్చారో అక్కడి వాళ్లనే అడిగి రాసుకోండి. మీ స్టేషన్ల పట్టిక కాలమ్ పేర్లు కింద కామెంట్‌లో పెడితే చూసి ఏవి తగ్గాయో చెప్తాను.