మాట వినని థ్రాటిల్ గురించి

చిరంజీవికి ఆశీస్సులు.

నీ కథ రెండుసార్లు చదివాను. శిక్షణ విమానంలో థ్రాటిల్, అంటే ఇంజిన్ పవర్ పెంచి తగ్గించే కంట్రోల్, చెడిపోవడం మంచి ఘట్టం. కానీ నువ్వు దాన్ని ఇంజిన్ ఆగిపోయినట్టు రాసేశావు. ఇక్కడ ఇంజిన్ నిక్షేపంలా ఉంది, చెప్పిన మాట వినడం లేదంతే. కథకు బలం ఆ తేడాలోనే ఉంది.

సెస్నా 172 అనే చిన్న విమానాన్నే తీసుకో. ప్యానెల్ మీది నల్ల నాబే థ్రాటిల్. దాని వెనక నుంచి ఒక కేబుల్ ఇంజిన్ దాకా వెళ్లి, చిన్న బోల్టుతో ఒక లీవర్‌కి తగులుకుని ఉంటుంది. నట్టు ఊడకుండా కాటర్ పిన్ను వేస్తారు. ఆ పిన్ను లేకపోతే ఇంజిన్ అదురుకి నట్టు వదులై, బోల్టు జారిపోవచ్చు. అప్పుడు సంగతి ముందు తెలిసేది విద్యార్థి చేతికి. చేద ఊడిపోయిన తాడులా నాబ్ తేలిగ్గా వచ్చేస్తుంది, ఇంజిన్ తిరిగే వేగం చూపే ఆర్‌పీఎం ముల్లు మాత్రం 2400 దగ్గరే ఉంటుంది. నువ్వు పెట్టిన పొగా, పెద్ద చప్పుడూ తీసెయ్.

బోల్టు జారాక లీవర్ ఎక్కడ ఆగుతుందో ముందే చెప్పలేం. ఐడిల్‌లో, అంటే అతి తక్కువ పవర్‌లో ఆగితే అది మామూలు ఫోర్స్‌డ్ ల్యాండింగే, పవర్ చాలక దిగక తప్పని పరిస్థితే. నీ కథకు పవర్ ఎక్కువ దగ్గరే ఇరుక్కుపోవడం కావాలి.

ఇన్‌స్ట్రక్టర్ "ఐ హ్యావ్ కంట్రోల్" అంటాడు, విద్యార్థి "యూ హ్యావ్ కంట్రోల్" అని చేతులు తీస్తాడు. సంభాషణ అంతవరకే ఉంచు. ముందు విమానాన్ని నిలకడగా ఉంచడం, తర్వాత రన్‌వే వైపు తిప్పడం, ఆ తర్వాతే రేడియోలో, ఇబ్బందిలో ఉన్నామని తెలిపే "పాన్ పాన్" అని మూడుసార్లు.

పవర్ తగ్గకుండా ముక్కు దించితే వేగం పెరిగిపోతుంది. స్పీడ్ ఇండికేటర్ మీది తెల్ల పట్టీ దాటిన వేగంలో ఫ్లాప్స్, అంటే రెక్కల వెనక అంచున ఉండే పలకలు, పూర్తిగా దించకూడదు. అందుకే ఎత్తు వదులుకోకుండా రన్‌వే నెత్తిమీదికి వచ్చి, గ్లైడ్‌లో, అంటే ఇంజిన్ లేకుండా జారుతూ చేరగలమన్న నమ్మకం కుదిరాక, ఇంధనం పాళ్లు సరిచేసే ఎర్ర మిక్స్చర్ నాబ్‌ని పూర్తిగా వెనక్కి లాగుతారు. ఇంధనం అందక ఇంజిన్ చచ్చిపోతుంది. బాగున్న ఇంజిన్‌ని మనిషి తన చేత్తో ఆపే ఆ క్షణాన్ని నువ్వు ఒక్క వాక్యంలో దాటేశావు! అక్కడ నిలబడు. వేలు నాబ్ మీద ఉంది, కళ్లు రన్‌వే మీద ఉన్నాయి, మనసు లెక్క వేస్తోంది. గాలి లేనప్పుడు 1000 అడుగుల ఎత్తు నుంచి 172 సుమారు ఒకటిన్నర నాటికల్ మైళ్లు జారగలదు. ఎదురుగాలీ, ప్రతి మలుపూ అందులోంచి కొంత తినేస్తాయి. వేగం 65 నాట్ల దరిదాపుల్లో పట్టుకోవాలి. ఫ్లాప్స్ రన్‌వే ఖాయంగా అందుతుందన్నాకే.

నీ పాత్ర మాగ్నెటో కీ, అంటే ఇంజిన్‌లో నిప్పురవ్వ పుట్టించే మాగ్నెటోల స్విచ్, ఆపుతూ, వేస్తూ పవర్ తగ్గిస్తాడు. అది వద్దు. కాలని ఇంధనం ఎగ్జాస్ట్‌లో చేరి, కీ మళ్లీ వేయగానే పేలవచ్చు.

ఇంకొకటి. మిక్స్చర్ లాగగానే ప్రొపెల్లర్ టక్కున ఆగిందని రాశావు. గ్లైడ్ వేగంలో అది గాలికి తిరుగుతూనే ఉంటుంది. అలా తిరుగుతున్నంతసేపూ మిక్స్చర్ లోపలికి తోస్తే ఇంజిన్ మళ్లీ అందుకోవచ్చు, కానీ దాన్ని నమ్ముకుని ఎవరూ లెక్క వేసుకోరు. ఆ పేరా మార్చి పంపు, చూస్తాను.