దీపం వెలిగించకముందు

చిరంజీవి మేనకోడలికి మేనత్త ఆశీస్సులు.

నువ్వు పరిశోధనలో చేరావనీ, నత్రజని కలిపిన టైటానియం డయాక్సైడ్ నానోకణాలతో నీటిలోని సిప్రోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయాటిక్ మందును వెలుతురు సాయంతో ఛేదించే పని ఎంచుకున్నావనీ మీ నాన్న ఫోనులో చెప్పాడు. పటాన్‌చెరు దగ్గర మందుల కంపెనీల వ్యర్థజలాన్ని శుద్ధి చేసే కేంద్రం నుంచి బయటికి వస్తున్న నీటిలో ఈ మందే లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా ఉన్నదని 2007లో స్వీడన్ పరిశోధకులు ప్రకటించారు. మాత్ర మింగిన రోగి రక్తంలో కూడా అంత మందు ఉండదు. అది చదివిన రోజు ఆ నీరు చేరే నక్కవాగు వెంబడి ఊళ్లలో ఉన్న మన చుట్టాల బావులే నా కళ్ల ముందు మెదిలాయి. ఆ నీటి సంగతి మన ఇంటి పిల్ల తలకెత్తుకున్నదంటే నాకు గర్వంగా ఉంది. దిగులూ ఉంది, అందుకే ఈ ఉత్తరం.

తయారీ గురించి నీకు నేను చెప్పవలసింది తక్కువ. పొడికి మూలపదార్థమైన టైటానియం ఐసోప్రొపాక్సైడ్‌కు గాలిలోని తేమ తగిలినా తెల్లగా విరిగిపోతుంది కనుక సిరంజీలు, గాజుసామాను బాగా ఆరబెట్టుకో. నీటిని చుక్కచుక్కగా కలుపు. కొలిమిలో 400 నుంచి 500 డిగ్రీల మధ్య కాలిస్తే నీకు కావలసిన అనటేజ్ స్ఫటికం వస్తుంది; వేడి మరీ పెంచితే అది రుటైల్ అనే మరో రకం స్ఫటికంగా మారుతుంది, కణాలు అతుక్కుని పెద్దవవుతాయి, కష్టపడి చేర్చిన నత్రజని కూడా వెళ్లిపోతుంది.

పొడి నూరేటప్పుడు మాత్రం నా మాట జవదాటవద్దు. మీ ఈడు పిల్లలు చున్నీ ముక్కుకు చుట్టుకుని పని కానిచ్చేయడం నేను చాలా చూశాను. నానోకణాలకు చున్నీ అడ్డం కాదు. ఊపిరితో లోపలికి వెళ్లే టైటానియం డయాక్సైడ్ ధూళిని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ మనుషులకు క్యాన్సర్ కలిగించగల అవకాశమున్న పదార్థాల జాబితాలో చేర్చింది. ఎన్95 మాస్కు పెట్టుకో, గాలిని బయటికి లాగేసే ఫ్యూమ్ హుడ్ లోపలే నూరు, అతినీలలోహిత దీపం వెలుగుతుండగా కళ్లద్దాలు లేకుండా పెట్టె తలుపు తీయకు. నీకు చిన్నప్పుడు ఆయాసం వచ్చేదని మీ గైడుకు తెలియదు, నాకు తెలుసు.

ఇక అసలు విషయానికి వస్తాను. టైటానియం డయాక్సైడ్ ఎలక్ట్రోడుపై వెలుతురు పడితే నీరు విడిపోతుందని ఫుజిషిమా, హోండా 1972లో చూపించిన నాటి నుంచీ ఈ పదార్థానికి ఉన్న చిక్కు ఒక్కటే: అనటేజ్‌లో ఎలక్ట్రాన్ పైకి లేవడానికి 3.2 ఎలక్ట్రాన్ వోల్టుల శక్తి కావాలి, అంటే సుమారు 388 నానోమీటర్లకన్నా పొట్టి తరంగాలు కావాలి, ఎండలో అటువంటి వెలుతురు నూటికి నాలుగైదు పాళ్లే. నత్రజని చేర్చితే మామూలు వెలుతురులోనూ పని జరుగుతుందని 2001లో అసాహి బృందం ప్రకటించాక అందరూ ఆ దారి పట్టారు. అయితే చేర్చిన పరమాణువు మేలే చేస్తుందన్న హామీ లేదు. మోతాదు మించితే ఎలక్ట్రాన్, దాని ఖాళీ తిరిగి కలిసిపోయే చోటు అదే అవుతుంది.

నేను పనిచేసిన ప్రయోగశాలలో నాకన్నా సీనియర్ ఒకాయన ఉండేవాడు. ఇనుము చేర్చిన టైటానియం డయాక్సైడ్‌ను మిథిలీన్ బ్లూ అనే రంగు ద్రావణంలో వేసి ఎండలో పెడితే నీలిరంగు చూస్తూండగానే పోయింది. అందరం సంబరపడ్డాం, ఆయన సిద్ధాంత గ్రంథంలో ప్రధాన అధ్యాయం దాని మీదే లేచింది. మౌఖిక పరీక్షకు వచ్చిన పెద్దాయన ఏ గ్రాఫునూ తప్పుపట్టలేదు, చీకట్లో ఎంత రంగు పోయిందని మాత్రమే అడిగారు. ఆ కొలత లేదు. తర్వాత చేసి చూస్తే, దీపం వేయకుండానే రంగులో పెద్ద భాగం పొడికి అంటుకుపోయింది. బీకరు అడుగున పొడి నీలంగా తేలింది. మిగిలినదానికీ ఇనుము కారణమని చెప్పలేకపోయాడు, ఎందుకంటే మిథిలీన్ బ్లూ తానే 664 నానోమీటర్ల దగ్గర వెలుతురును పీల్చుకుని ఎలక్ట్రాన్‌ను టైటానియం డయాక్సైడ్‌కు అందించగలదు, ఏమీ చేర్చని పొడి దగ్గరా అది వెలిసిపోతుంది. నీటిలోని మొత్తం సేంద్రియ కార్బన్ కొలిస్తే దాదాపు ఎక్కడిదక్కడే ఉంది, అంటే రంగు పోయినా ఆ పదార్థం పూర్తిగా నశించలేదు. ఆయన నిజాయితీపరుడమ్మా, ఒక్క అంకె కల్పించలేదు. ఆ ప్రశ్న ముందే అడిగేవాళ్లు చుట్టూ లేకపోయారు. అధ్యాయం తీసేశాక పరిశోధన మీద ఆయనకు మనసు విరిగింది, ఊరికి వెళ్లి ఇంటర్ పిల్లలకు పాఠాలు చెప్పుకుంటూ ఉండిపోయాడు. అంత చురుకైన చేతులు మా బ్యాచ్‌లో ఇంకెవరికీ లేవు.

నీ మందుకు రంగు లేదు కనుక ఈ బెడద నీకు లేదనుకుంటావేమో. సిప్రోఫ్లాక్సాసిన్ టైటానియం డయాక్సైడ్ ఉపరితలాన్ని గట్టిగా పట్టుకుంటుంది, ఆ జంట తానుగా కంటికి కనిపించే వెలుతురును పీలుస్తుంది. పైగా ఎండ ఒక్కటే తగిలినా ఆ మందు కొంత విరుగుతుంది. అందుచేత పొడి లేకుండా వెలుతురు, వెలుతురు లేకుండా పొడి, ఏమీ చేర్చని పొడితో అదే వెలుతురు, ఈ మూడు బీకర్లూ పక్కన లేకుండా నాలుగోదాని అంకె ఎవరికీ చూపవద్దు. పోల్చడానికి పి25 అనే వాణిజ్య పొడిని పెట్టుకో. దీపానికి 420 నానోమీటర్ల దిగువ కోసేసే ఫిల్టరు లేకపోతే కనిపించే వెలుతురులో పనిచేస్తుందన్న మాట వాడకు.

నీ పొడి లేతపసుపుగా వచ్చిందని మురిసిపోకు. యూరియాతో చేసినప్పుడు, నత్రజని స్ఫటికంలోకి వెళ్లకపోయినా, యూరియా నుంచి పుట్టిన నత్రజని సమ్మేళనాలు ఉపరితలానికి అంటుకుని అదే పసుపునిస్తాయి. ఎక్స్-రే ఫోటోఎలక్ట్రాన్ వర్ణపటంలో నత్రజని స్ఫటికంలోకి వెళ్లిందని చెప్పే 396 ఎలక్ట్రాన్ వోల్టుల దగ్గర శిఖరం ఉందా, ఉపరితలానికి అంటుకున్నవి చూపే 400 దగ్గర మాత్రమే ఉందా చూసి మాట్లాడు.

అన్నిటికన్నా నన్ను భయపెట్టేది విరిగిన ముక్కలు. మందు అణువులోని పైపరజిన్ వలయం మాత్రం తెగి క్వినోలోన్ అనే నడుము భాగం నిలిచి ఉంటే, పదార్థాలను వేరుచేసి కొలిచే హెచ్‌పీఎల్‌సీ యంత్రంలో సిప్రోఫ్లాక్సాసిన్ శిఖరం మాయమవుతుంది కానీ ఆ ముక్కకు సూక్ష్మజీవులను చంపే గుణం కొంత మిగిలే ఉండవచ్చు. వాగులోని బ్యాక్టీరియాకు మొండితనం నేర్పడానికి అది చాలు. కాబట్టి ప్రతి నమూనాకూ కార్బన్ కొలిపించు, ఈ.కోలై బ్యాక్టీరియా పెంచిన పళ్లెంలో పెట్టి చుట్టూ ఎంత మేర పెరుగుదల ఆగిందో చూడు. శుద్ధజలంలో బాగా వచ్చిన పద్ధతిని ఆ తర్వాత నక్కవాగు నీటిలోనే పరీక్షించు. అందులోని బైకార్బనేటు, క్లోరైడు, కుళ్లిన ఆకుల సారం మందును విరగ్గొట్టవలసిన నీ హైడ్రాక్సిల్ రాడికల్స్‌ను ముందే మింగేస్తాయి, వేగం చాలా పడిపోతుంది. అప్పుడు బెంగపెట్టుకోకు, నీ గైడుకు చెప్పడానికి సంకోచించకు, నాకు ఫోను చెయ్యి.

మొదటి నెల దీపం జోలికి పోవద్దు. చీకట్లో పొడి ఎంత మందును పట్టుకుంటుందో వేరువేరు పీహెచ్‌ల దగ్గర కొలిచి, ఆ పట్టిక నాకు పంపు.

ఇట్లు,
నీ మేనత్త