రాగి వాళ్లది, ధర లండన్‌ది

ప్ర: ఆఫ్రికాలో బంగారం, వజ్రాలు, రాగి, చమురు... లేనిదంటూ లేదు. అయినా అంత పేదరికం ఎందుకండీ? నాయకులు తినేయడం వల్లేనా? మీరు జాంబియా గనుల్లో పనిచేశారని అడుగుతున్నాను.
– ఒక డిగ్రీ విద్యార్థిని

జ: తినేవాళ్లు తిన్నారమ్మా, కాదనను. కాంగోను 1965 నుంచి 1997 దాకా ఏలిన మొబుటు సంగతి లోకమెరిగినదే. కానీ నెపమంతా అవినీతి మీదకే నెట్టేస్తే లెక్క తేలదు. యాభై పైచిలుకు దేశాలను ఒకే గాటన కట్టలేను గనక, నేను చూసిన జాంబియా గురించే చెబుతాను.

కిట్వేలో నేను ఇంజినీరుని. అక్కడ తయారయ్యేది 99.99 శాతం శుద్ధమైన రాగి పలకలు. దేశానికి సముద్రం లేదు, ఆ పలకలు లారీయో రైలో ఎక్కి డర్బన్, దార్ ఎస్ సలామ్ లాంటి పరాయి దేశాల రేవులకు పోవాల్సిందే. లువాన్షాలో కేబుళ్ల ఫ్యాక్టరీ ఒకటుంది గానీ, తవ్వే రాగిలో అది వాడేది ఏ మూలకి? ధర చెప్పేది లోహాల బేరాలు సాగే లండన్ మెటల్ ఎక్స్ఛేంజ్.

1964లో స్వాతంత్ర్యం వచ్చాక కౌండా ప్రభుత్వం గనుల్లో పెద్ద వాటా తన చేతిలోకి తీసుకుంది. ఆ రాబడితో బళ్లు, ఆస్పత్రులు కట్టింది. 1975 నాటికి రాగి ధర కుప్పకూలింది. ఇవాళ కాకపోతే రేపు లేస్తుందని అప్పులు చేశారు, అది లేవలేదు. చివరికి 1990ల్లో గనులు అమ్మకానికి పెట్టారు. కొన్నవాళ్లతో కుదిరిన ఒప్పందాల్లో రాయల్టీ, అంటే తవ్విన ఖనిజానికి సర్కారుకు కట్టే వాటా, ఎంతో తెలుసా? 0.6 శాతం! ఆ తర్వాత కొన్నేళ్లకే ధర నాలుగింతలైంది. 2008లో అదనపు లాభాల మీద పన్ను వేశారు, మరుసటి ఏడాదే ఎత్తేశారు. 2020 నవంబరులో విదేశీ అప్పు మీద వడ్డీ కట్టలేక దేశం చేతులెత్తేసింది.

ఈ అంకెలు కార్మికవాడలో ఎలా దిగుతాయో చెప్పాలి. ప్రభుత్వ కంపెనీ జడ్‌సీసీఎం రోజుల్లో ఆస్పత్రి, బడి, వీధి దీపాలు, చివరికి ఫుట్‌బాల్ జట్టు కూడా గని ఖర్చే. అమ్మకాలయ్యాక వీటిలో చాలా బరువు మున్సిపాలిటీల నెత్తిన పడింది, వాటి దగ్గర డబ్బేదీ? కిట్వేలో బ్లాక్ మౌంటెన్ అని రాగి తీశాక మిగిలిన చిట్టెం పోసిన గుట్ట ఉంది. పని దొరకని కుర్రాళ్లు అందులో మిగిలిన రాగి కోసం తవ్వుకుంటారు. వాళ్లని అక్కడ ‘జెరాబో’లంటారు. గుట్ట విరిగిపడి చచ్చిపోయినవాళ్లూ ఉన్నారు.

ప్ర: మరి బోట్స్‌వానా ఎలా బాగుపడింది?

జ: 1966లో స్వతంత్రమైంది, 1967లో ఒరాపాలో వజ్రాలు బయటపడ్డాయి. ఖనిజ హక్కులు తెగలవి కాదు, దేశానివి అని సెరెట్సే ఖామా ప్రభుత్వం చట్టం చేసింది. గనుల్లో మొదట 15 శాతం ఉన్న తన వాటాను వజ్రాల కంపెనీ డి బీర్స్‌తో పట్టుబట్టి 1975లో సగానికి తెచ్చుకుంది. బేరమాడటం తెలిసిన ప్రభుత్వమది! జనాభా తక్కువ కావడం కూడా కలిసొచ్చిందనుకోండి. అయితే ఈమధ్య వజ్రాలకు గిరాకీ పడిపోతే వాళ్ల ఖజానా కూడా అల్లాడింది.

ప్ర: ఫోన్ బ్యాటరీల్లో కాంగో కోబాల్ట్ వాడటం మానేస్తే అక్కడ గనుల్లో పనిచేసే పిల్లలకు మేలేనా?

జ: ప్రపంచ కోబాల్ట్‌లో సుమారు 70 శాతం అక్కడిదే. మానేస్తే ముందు పస్తులుండేది ఆ పిల్లల ఇళ్లే. కొల్వేజీ చుట్టుపక్కల చేత్తో తవ్వేవాళ్ల సరుకు కొనే దళారులే తూకమూ, నాణ్యతా తేలుస్తారు. నన్నడిగితే, దళారి చేతిలో లేని కాటా ఒకటి అక్కడ పెట్టించడం మొదటి పని.