పాత ఓనరు లైసెన్సుతో హోటల్‌ను యాప్‌లో పెట్టొచ్చా?

ప్రశ్న: శ్రీకాకుళం పాలకొండ రోడ్డులో నడుస్తున్న బిర్యానీ, మీల్స్ హోటల్‌ను నెలన్నర కిందట తీసుకున్నాను. సామాను, బోర్డు, అడ్వాన్సు అన్నీ కలిపి మాట్లాడుకున్నాం. ఫుడ్ డెలివరీ యాప్‌లో పెడదామంటే తలో మాట చెబుతున్నారు. పాత ఓనరేమో 'నా ఫుడ్ లైసెన్సుకు ఇంకా గడువుంది, అదే పెట్టేయండి' అంటాడు. ట్యాక్స్ పనులు చూసే ఒకాయన 'జీఎస్టీ లేనిదే యాప్ వాళ్లు తీసుకోరు, ఎనిమిది వేలివ్వండి' అన్నాడు. యాప్ తరఫున వచ్చిన కుర్రాడు 'మొదటి రెండు నెలలు డిస్కౌంట్ భారం కంపెనీదే, ఫోన్‌కి వచ్చిన ఓటీపీ చెప్పండి చాలు' అంటున్నాడు. బ్యాంకు ఖాతా నా భార్య పేరున ఉంది. ఏం చేయమంటారు?

జవాబు: ముందు ఆ ఓటీపీ చెప్పకండి. మిగతావి ఒక్కొక్కటిగా చూద్దాం.

గోడకు ఫ్రేము కట్టి వేలాడుతున్న ఆ లైసెన్సు మీది కాదు. బోర్డు కొనుక్కోవచ్చు, పొయ్యిలూ డేగిసాలూ కొనుక్కోవచ్చు, ఫుడ్ లైసెన్సు మాత్రం కొనుక్కోలేరు. 2006 నాటి ఆహార భద్రత చట్టం 31వ సెక్షన్ ప్రకారం వ్యాపారం ఎవరు చేస్తే వారి పేరున, ఎక్కడ చేస్తే ఆ చిరునామాకు లైసెన్సో రిజిస్ట్రేషనో ఉండాలి. లైసెన్సుదారు చనిపోతే వారసులు కొంతకాలం దాన్నే కొనసాగించుకునే వీలుంది. హోటల్ అమ్మేసిన మనిషి భేషుగ్గా ఉన్నాడు కాబట్టి ఆ దారి మీకు లేదు. ఆయన నంబరు పెట్టి యాప్‌లో చేరితే తప్పుడు సమాచారం ఇచ్చినట్టే. రేపు ఎవరికైనా తిన్నది పడక ఫిర్యాదు చేస్తే నోటీసు ఆయన పేరున వస్తుంది, ఆయన మీ పేరు చెబుతాడు. ఇద్దరూ ఇరుక్కుంటారు. ఈ మాట ఆయనకే చెప్పి చూడండి, పాత లైసెన్సు సరెండర్ చేయడానికి తనే తొందరపడతాడు.

మీరు ఫోస్కాస్ పోర్టల్‌లో, అంటే ఫుడ్ లైసెన్సులిచ్చే ప్రభుత్వ వెబ్‌సైట్‌లో, కొత్తగా దరఖాస్తు పెట్టుకోండి. మీకు రిజిస్ట్రేషన్ చాలా, స్టేట్ లైసెన్సు కావాలా అన్నది మీ టర్నోవర్‌ను బట్టి ఉంటుంది. వచ్చే 14 అంకెల నంబరే యాప్ వాళ్లు మొదట అడిగేది. లైసెన్సు లేని హోటళ్లను తీసేయమని 2018లో కేంద్ర ఆహార భద్రత సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ డెలివరీ కంపెనీలను గట్టిగా ఆదేశించింది, అప్పటి నుంచి ఇందులో మినహాయింపులు లేవు. నగరపాలక సంస్థ ట్రేడ్ లైసెన్సు కూడా పాతాయన పేరునే ఉండి ఉంటుంది, పనిలో పనిగా అదీ మార్పించుకోండి.

మీరు అడగలేదు గానీ ఇంకో మాట. పాత ఓనరు ఇదే బోర్డుతో ఇంతకుముందు యాప్‌లో ఉన్నాడా? ఉంటే ఆ పాత పేజీనే 'ఆన్' చేసుకుని అమ్మడం మొదలుపెట్టకండి. ఆర్డర్లు మీ వంటింటికి వస్తాయి, డబ్బు ఆయన ఖాతాకు పోతుంది. ఆయన యాప్‌కు ఏమైనా బాకీ ఉంటే మీ అమ్మకాల్లోంచి పట్టుకుంటారు. ఆ పేజీ మూసేశారని, మీది కొత్త ఖాతా అని మెయిల్‌లో రాయించుకోండి.

ఖాతా భార్య పేరున ఉండటం తప్పేమీ కాదు, కాకపోతే పాన్ ఒకరిది, లైసెన్సు ఒకరిది, ఖాతా మరొకరిది అంటే చెల్లింపులు ఆగిపోతాయి. హోటల్ నిజంగా ఎవరు నడుపుతున్నారో మీ ఇద్దరూ కూర్చుని తేల్చుకోండి. ఆవిడే అయితే అద్దె ఒప్పందం దగ్గర్నుంచి అన్నీ ఆవిడ పేరునే చేయించండి. మీరైతే మీ పేరున బ్యాంకులో కరెంట్ అకౌంట్ తెరవండి.

ఇక జీఎస్టీ. ట్యాక్సాయన చెప్పినది హోటళ్ల విషయంలో నిజం కాదు. 2022 జనవరి 1 నుంచి యాప్ ద్వారా అమ్మే హోటల్ భోజనం మీద 5 శాతం జీఎస్టీ కట్టాల్సింది యాపే. కేంద్ర జీఎస్టీ (సీజీఎస్టీ) చట్టం 9(5) సెక్షన్ కింద వచ్చిన మార్పు ఇది. ఈ-కామర్స్ ద్వారా అమ్మేవాళ్లకు రిజిస్ట్రేషన్ తప్పనిసరి చేసే 24వ సెక్షన్ కూడా ఈ 9(5) అమ్మకాలను వదిలేసింది. కాబట్టి ఏడాది టర్నోవర్ 20 లక్షలు దాటనంత వరకు, యాప్‌లో ఉన్నారన్న ఒక్క కారణంతో జీఎస్టీ తీసుకోనక్కర్లేదు. ఎనిమిది వేలు మీ దగ్గరే ఉంచుకోండి.

చాలామంది లెక్క తప్పేది ఆ 20 లక్షల దగ్గరే. కౌంటర్ అమ్మకం, యాప్ అమ్మకం రెండూ కలపాలి. యాప్ అమ్మకంలో మీ చేతికొచ్చింది కాదు, కోతలకు ముందున్న బిర్యానీ ధర లెక్కలోకి వస్తుంది. ఏడాది పొడుగునా రోజుకు సగటున 5,480 రూపాయల అమ్మకం ఉంటే 20 లక్షలు దాటినట్టే. పాలకొండ రోడ్డులో నడుస్తున్న బిర్యానీ హోటల్‌కు అదేమంత పెద్ద అంకె కాదు. దాటిన 30 రోజుల్లో రిజిస్ట్రేషన్‌కు దరఖాస్తు చేయాలి. ఈలోగా కౌంటర్ బిల్లు మీద జీఎస్టీ అని వేసి వసూలు చేయకండి, నంబరు లేనివాళ్లు అలా చేయడం నేరుగా చట్టవిరుద్ధం. పలాస జీడిపప్పు ప్యాకెట్లు, ఆవకాయ సీసాలు కూడా పెడదామనుకుంటే అవి హోటల్ భోజనం కిందికి రావు, నిబంధనలు వేరు. పెట్టే ముందు ఎవరైనా ఆడిటర్‌ను విడిగా అడగండి.

అసలు సంగతి ఆ కుర్రాడి ఓటీపీలో ఉంది. ఓటీపీ చెప్పడమంటే సంతకం పెట్టడమే. ఐటీ చట్టం 10ఏ సెక్షన్ ప్రకారం ఎలక్ట్రానిక్‌గా కుదిరిన ఒప్పందం కాగితం మీద లేదన్న ఒక్క కారణంతో చెల్లకుండా పోదు. 'నేను చదవలేదండీ' అంటే కోర్టు వినదు. 'డిస్కౌంట్ కంపెనీదే' అన్నది నోటిమాట, ఒప్పందంలో 'హోటల్ భరించాలి' అని రాసి ఉంటే రాతే నిలుస్తుంది. మోసం చేసి సంతకం పెట్టించారని వాదించే వీలుంది గానీ, రుజువు చేయాల్సింది మీరు.

ఒక్క బిర్యానీతో లెక్క వేసి చూపిస్తాను. ధర 200. కమిషన్ ఉదాహరణకు 20 శాతం అనుకుంటే 40 రూపాయలు. ఆ కమిషన్ మీద 18 శాతం జీఎస్టీ 7.20, అది మీకు తిరిగి రాదు. మిగిలేది 152.80. ఆదాయపు పన్ను కింద ముందే పట్టుకునే టీడీఎస్ 0.1 శాతం, అంటే 20 పైసలు, దానికి దిగులు లేదు. ఇప్పుడు 'ఫ్లాట్ 50 రూపాయలు తగ్గింపు' మీ మీద పడిందనుకోండి, చేతికి వంద చిల్లర. కోడి, బియ్యం, గ్యాస్, డబ్బా అందులోంచే రావాలి. రథసప్తమి నాటికి ఊరు కిటకిటలాడుతుంటే ఆర్డర్లు మోగుతూనే ఉంటాయి, ఎంత అమ్మితే అంత నష్టం.

కాబట్టి ఒప్పందం పీడీఎఫ్ ముందుగా మెయిల్‌కు తెప్పించుకోండి. డిస్కౌంట్ ఎవరి వాటా ఎంత, కస్టమర్ రద్దు చేసిన ఆర్డరుకు డబ్బెవరిస్తారు, మిమ్మల్ని అడక్కుండా ఆఫర్లలో చేర్చే హక్కు వాళ్లకుందా, వేరే యాప్‌లో ఉండకూడదన్న షరతుందా, ఇవి వెతకండి. వివాదాల క్లాజు కూడా చూడండి. ఇలాంటి ఒప్పందాల్లో సాధారణంగా ఆర్బిట్రేషన్ అని, అంటే కోర్టులో కాకుండా మధ్యవర్తి దగ్గర తేల్చుకోవాలని, అదీ కంపెనీ ఉన్న నగరంలో అని ఉంటుంది. స్విగ్గీది బెంగళూరు, జొమాటోది గురుగ్రామ్. ఆరు వేల రూపాయల కోత కోసం ఆమదాలవలసలో రైలెక్కి గురుగ్రామ్ వెళ్లినవాళ్లను నేనైతే చూడలేదు. వినియోగదారుల కమిషన్‌కు వెళ్దామంటే, మీది వ్యాపారం, మీరు వినియోగదారు కారన్న అభ్యంతరం మొదటిరోజే వస్తుంది.

ఆ క్లాజు మీ కోసం మార్చరు. డిస్కౌంట్ సంగతి మాత్రం రాయించుకోగలరు. 'మొదటి రెండు నెలల డిస్కౌంట్ మొత్తం కంపెనీయే భరిస్తుందని మీ ప్రతినిధి ఫలానా తేదీన చెప్పారు, ధ్రువీకరించండి' అని కంపెనీ మెయిల్‌కు ఒక్క వాక్యం పంపండి. కుర్రాడి వాట్సాప్ మెసేజులు చెరిపేయకండి. కంపెనీ మెయిల్ నుంచి 'అవును' అని వస్తే సరే. రాకపోతే ఆ డిస్కౌంట్ మీదే అనుకుని బిర్యానీ ధర మళ్లీ లెక్క వేసుకోండి. అప్పటికీ గిట్టుబాటు అనిపిస్తే ఓటీపీని మీ ఫోన్‌లో మీరే టైప్ చేయండి, కుర్రాడికి చదివి చెప్పొద్దు.