నాన్న చెయ్యి కదిలింది, మాట ఇంకా రాలేదు: ఏ కోర్సు తీసుకోను?

ప్రశ్న: మాది అంబాజీపేట. ఇంటర్ బైపీసీ రెండో ఏడాది. దసరా ముందు నాన్నకి పక్షవాతం వచ్చి కుడి చెయ్యి, మాట పడిపోయాయి. ఫిజియోథెరపీతో ఇప్పుడు గ్లాసు పట్టుకుంటున్నారు. మాట రాదు గానీ భజనలో పాట మాత్రం అందుకుంటారు. నేనూ ఫిజియోథెరపీ చదువుతానంటే "మాలీషు పనికి అన్నేళ్ళ చదువా?" అంటోంది అమ్మ.

జవాబు: అమ్మకి ఇలా చెప్పు తల్లీ. దెబ్బ తగిలింది చేతికి కాదు, దాన్ని నడిపే మెదడుకి. అక్కడ చచ్చిపోయిన కణాలు తిరిగి రావు. కాలవకి గండి పడితే మన రైతులు పక్క బోదెలోంచి నీళ్ళు మళ్ళించుకోరూ? మెదడూ అంతే, చుట్టుపక్కల దారులు వెతుక్కుంటుంది. ఆ దారి పడాలంటే ఒకే పని వందలసార్లు చెయ్యాలి. నాన్నగారు గ్లాసుకేసి చెయ్యి చాపడం, వేళ్ళు విప్పడం, అది జారిపోవడం, మళ్ళీ చాపడం, ఇదంతా మెదడు దిద్దుకునే అక్షరాభ్యాసం. ఎడ్వర్డ్ టాబ్ అనే శాస్త్రవేత్త బాగున్న చేతికి తొడుగు వేయించి, పడిపోయిన చేతితోనే పనులు చేయించే పద్ధతి తెచ్చారు. మణికట్టు, వేళ్ళు కొంతైనా కదిలే 222 మందితో జరిగిన పరిశోధన 2006లో అచ్చయింది. రెండు వారాల సాధనతో వచ్చిన మేలు ఏడాది తర్వాతా నిలిచింది.

ఇక కోర్సు. నడక, బలం ఫిజియోథెరపీ చూస్తుంది. అన్నం కలుపుకోవడం, చొక్కా గుండీలు పెట్టుకోవడం లాంటివి నేర్పేది ఆక్యుపేషనల్ థెరపీ. నీకు మాత్రం నేను స్పీచ్ థెరపీ చూడమంటాను. పాట సంగతి కనిపెట్టావు చూడు, అది చిన్న విషయం కాదు. మాట చాలామందిలో ఎడమ మెదడు పని, పాటకి కుడివైపూ తోడొస్తుంది. అందుకే రాగం తీయించి మాట పలికించే పద్ధతి ఒకటుంది. పైగా మాట నేర్పాలంటే ఆ ఇంటి భాష తెలియాలి. మనవైపు పెద్దాయనకి "అవును" కంటే "ఆయ్" ముందు రావాలని వేరే ఊరి థెరపిస్టుకి ఎలా తెలుస్తుంది?

స్పీచ్ థెరపీ, వినికిడి కలిపి నేర్పే ఈ డిగ్రీని బీఏఎస్‌ఎల్‌పీ అంటారు, ఇంటర్న్‌షిప్‌తో కలిపి నాలుగేళ్ళు. మైసూరులో 1965 నుంచీ ఉన్న అఖిల భారత వాక్ శ్రవణ సంస్థ దీనికి పేరున్న చోటు, ప్రవేశ పరీక్ష ఉంటుంది. మొదట్లో జీతాలు తక్కువే, ఆ మాట దాచను.

ఒక్కటి అడగనా? నాన్నగారిని స్పీచ్ థెరపిస్టుకి చూపించారా? నీ ఉత్తరంలో ఆ ఊసే లేదు. మొదటి నెలల్లో మెదడు తొందరగా నేర్చుకుంటుంది, ఆ తర్వాతా నేర్చుకుంటుంది. ఈ వారమే కాకినాడో రాజమండ్రో తీసుకెళ్ళండి. అమ్మనీ తీసుకెళ్ళు. నాన్నగారు ఒక్క మాట కోసం నలభైసార్లు ప్రయత్నిస్తుంటే పక్కనే కూర్చుని చూడు. నలభై ఒకటోసారి కూడా నీకు విసుగు రాకపోతే అప్పుడు దరఖాస్తు పెట్టు.